గ్రూపు వదిలేశాను, స్నేహితుణ్ని కూడా వదులుకోవాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ప్రొద్దుటూరు, వయసు 46. చిన్న బట్టల అంగడి నడుపుతున్నాను. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 58 మందిమి ఉండేవాళ్లం. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్ అప్పుడు, మాలో ఒకడి నాయనకు ఆక్సిజన్ సిలిండర్ కావాలని రాత్రి పదకొండుకు మెసేజ్ వస్తే తెల్లవారేలోపు సంపాదించి ఇచ్చాం. అలాంటి గ్రూపు 2024 ఎన్నికలప్పుడు విరిగిపోయింది. ఆరో తరగతి నుంచి నా పక్కనే కూర్చున్నవాడు అందరూ చూస్తుండగా "మీ వాళ్ల బుద్ధే అంత" అని రాశాడు. నేనూ ఊరుకోలేదు. ఆ రాత్రే గ్రూపులోంచి వచ్చేశాను. అప్పటి నుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

కొన్నాళ్లుగా పాత శాసనాలు చదివే గ్రూపు ఒకదానిలో ఉంటున్నాను. అనంతపురం, బళ్లారి, హైదరాబాద్, గుంటూరు, అమెరికా, ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. ఒక్కరినీ నేరుగా చూడలేదు. రాజకీయాలు మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. నేను మొదట పెట్టిన ఫోటో ఆ స్నేహితుడి వాళ్ల చేని గట్టున ఉన్న రాయిది. చిన్నప్పుడు మేమిద్దరం దాని మీద కూర్చుని రేగుపండ్లు తినేవాళ్లం. అది వీరగల్లు అని, ఆవుల మందను విడిపించబోయి చనిపోయిన మనిషి కోసం నిలబెట్టిందని గ్రూపు వాళ్లు చదివి చెప్పారు. నేను "ఱ" అనుకున్న అక్షరాన్ని గుంటూరాయన ఒకరు కాదని సరిదిద్దారు. ఆఖరి లైను ఒక్కటి మాత్రం ఎవరికీ తేలలేదు. ఆ రోజు చాలాకాలం తర్వాత మనసు తేలికపడింది. మా ఇంట్లో ఆవిడ మాత్రం "ఊర్లో మనుషులతో మాటలు మానేసి, ముక్కూ మొహం తెలియని వాళ్లతో అర్ధరాత్రి దాకా ఏం ముచ్చట్లు?" అంటోంది. నేను పారిపోతున్నానా అక్కా? వచ్చే నెల వాడి బిడ్డ పెండ్లి. ఇంటికొచ్చి పిలవలేదు. కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపాడు. కింద "రావాల" అని ఒక్క మాట. పోవాలా, వద్దా?

సమాధానం:

తమ్ముడూ, మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పెండ్లికి పోండి. ఎందుకు పోవాలో, ఎట్లా పోవాలో తర్వాత మాట్లాడుకుందాం. ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మీరు పారిపోవడం లేదు. అంగడి బిల్లు కాగితాల వెనక రాసిన మీ ఉత్తరంలో "పారిపోతున్నానా" అన్న మాట మూడు చోట్ల ఉంది, అందులో రెండు చోట్ల రాసి కొట్టేశారు. అది మిమ్మల్ని ఎంత తొలుస్తోందో ఆ కొట్టివేతలు చూస్తే తెలుస్తోంది. ఎండలో నడిచి నడిచి చెట్టు కనపడితే నీడకు చేరతాం. అది తప్పు కాదు. ఆ నీడలోనే ఉండిపోవాలా అన్నదొక్కటే ఆలోచించాల్సిన సంగతి.

మీ ఆవిడ మాటను కాస్త పక్కన పెట్టి, మీకు ఆ గ్రూపులో ఎందుకు హాయిగా ఉందో చూద్దాం. రాజకీయాలు మాట్లాడకూడదన్న నియమం ఉంది కాబట్టి అని మీరు రాశారు. నాకు అది అసలు కారణం అనిపించలేదు. నియమాలు మీ బ్యాచ్ గ్రూపులోనూ ఉండి ఉంటాయి.

మా నాయన తెలుగు పండితుడిగా పనిచేశారు. శాసనాలంటే ప్రాణం. మీకు దగ్గర్లోనే ఎర్రగుంట్ల వైపు కలమళ్ల ఉంది కదా, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు వేయించిన తెలుగు శాసనం దొరికిన ఊరు. పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి, "మన భాషకు ఇంత వయసుందిరా" అని చూపించి వచ్చేవారు. ఆయనతో తిరిగినందువల్ల నాకొక సంగతి తెలుసు, ఇప్పటికి మీకూ తెలిసే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో రాతిని ఫోటో తీస్తే ఏమీ కనపడదు. ఎదురుగా టార్చి వేసినా అంతే, అంతా ఒకటే తెలుపు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడాలి, లేదంటే చీకటి పడ్డాక పక్క నుంచి వెలుతురు వేయాలి. అప్పుడు అరిగిపోయిన గీత కూడా నీడతో లేచి నిలబడుతుంది. ఒక వైపు నుంచి వెలుతురు వేసిన వాళ్లకు "ఱ" అనిపిస్తుంది, ఇంకో వైపు నుంచి వేసిన వాళ్లకు ఇప్పుడు మన వర్ణమాలలో లేని ఆ పాత "ఴ" అనిపిస్తుంది. ఇద్దరూ వాదించుకుంటారు, గట్టిగానే. ఆ తర్వాత ఎవరో ఒకరు "కాగితం తడిపి అచ్చు తీసి చూద్దాం" అంటారు. కాగితం రాతికి అతికించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీస్తే అక్షరం ఏదో చాలావరకు తేలిపోతుంది. తేలకపోతే "ఇక్కడ అరిగిపోయింది" అని రాసి ముందుకు పోతారు. (ఆ రాతికి సున్నమో పసుపో పూయవద్దని మీ ఊరి వాళ్లకు చెప్పండి. భక్తితోనే పూస్తారు, కానీ అక్షరాలు పోతాయి.)

తగాదా తీర్చడానికి అక్కడ రాయి ఉంది. వాదించుకునే ఇద్దరి మధ్యా ఒక వస్తువు ఉంది, ఇద్దరూ దాని వైపు చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అందుకే మీరెవరో, ఏ కులమో, ఏ పార్టీయో అక్కడ ఎవరికీ అవసరం పడలేదు. మీ "ఱ"ను కాదని సరిదిద్దిన గుంటూరాయన గురించి ఎంత గౌరవంగా రాశారు మీరు! ఆయన మీకు అస్సలు గిట్టని పార్టీకి ఓటేసి ఉండవచ్చు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆయన చెప్పిన అక్షరాన్ని ఒప్పుకునేవారా? నిజాయితీగా ఒక్కసారి మనసులో అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఆ గ్రూపు మీకు దొరకడం మంచిదైంది.

ఇప్పుడు మీ బ్యాచ్ గ్రూపు సంగతికి రండి. 2021 మేలో ఆ రాత్రి మీ 58 మంది మధ్య కూడా ఒక వస్తువు ఉంది, అది ఆక్సిజన్ సిలిండర్. ఎవరి బావకు ఎవరు తెలుసు, ఎవరి దగ్గర బండి ఉంది, కడప నుంచి తేవాలా, మైదుకూరు నుంచి తేవాలా అని మాట్లాడుకుని ఉంటారు. ఆ రాత్రి ఎవరూ "మీ వాళ్లు" అని రాసి ఉండరు. అప్పటికీ మీ ఓట్లు వేరువేరే, మీ కులాలు వేరువేరే. మీరందరూ మూడేళ్లలో చెడ్డవాళ్లయిపోలేదు. చేయడానికి పని లేకుండా పోయింది, అంతే. పని లేని గ్రూపులోకి ఫార్వర్డ్‌లు వచ్చి కూర్చుంటాయి.

ఆ ఫార్వర్డ్‌ల మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది, గమనించారా? అంటే ఆ మెసేజ్ చేతులు మారి మారి మీ దాకా వచ్చింది, రాసినవాడెవడో మీ వాడికీ తెలియదు, మీకూ తెలియదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా పుకార్లు పాకి, అమాయకుల్ని కొట్టి చంపిన తర్వాత, వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి ఆ రెండు బాణాల మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. 2018 ఎండాకాలంలో మన వైపు కూడా పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చిందని ఎంత భయపడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త మనిషి కనపడితే చాలు, ఊరు ఊరంతా కర్రలు పట్టుకుంది. ఎవరో ఊరూ పేరూ లేనివాడు రాసినది మన చేతుల్లో కర్ర అయింది. మీ స్నేహితుడు పంపినవీ, మీరు తిప్పి పంపినవీ అలాంటివే అయి ఉంటాయి. మీ ఇద్దరిలో ఎవరూ సొంతంగా రాయని మాటల మీద ముప్ఫై ఏళ్ల స్నేహం తెగింది. నాకు దుఃఖం కలిగేది అక్కడ.

ఇంకో సంగతి. వాడు మీకు జవాబు రాసినప్పుడు మీతో మాట్లాడుతున్నాడనుకున్నారు మీరు. కాదు, చూస్తున్న మిగతా 56 మందితో మాట్లాడుతున్నాడు. మీరూ అంతే. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, నేను చేసిన పని నుంచే చెప్తున్నాను.

2013 జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం బయటికి వచ్చాక కడప ఎలా ఉందో మీరు చూశారు. దాదాపు రెండు నెలలు బస్సు కదల్లేదు. రోడ్ల మీదే వంటావార్పూ. మా మేనత్త కూతురు, నాకు వదిన, హైదరాబాద్‌లో ఉంటుంది, ఆమె మెట్టినిల్లు వరంగల్ వైపు. "ఇన్నాళ్లకు మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు" అని ఫేస్‌బుక్‌లో ఒక ఫోటో పెట్టింది. దాని కింద నేను నాలుగు లైన్లు రాశాను. "పుట్టిన గడ్డను మర్చిపోయినవాళ్లకు..." అని మొదలవుతుంది, మిగతాది ఇక్కడ రాయలేను. నా లైన్లకు ఎనభైకి పైగా లైకులు వచ్చాయి. ఆ రాత్రి నాలుగైదు సార్లు లేచి ఫోన్ చూసుకున్నాను, ఇంకెవరు మెచ్చుకున్నారో అని. వదిన ఏమనుకుంటుందో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమె ఆ ఫోటో తీసేసింది. ఆ తర్వాత మూడేళ్లు ఫోన్ లేదు.

2016లో మా నాయన పోయారు. నాలుగో రోజు తెల్లవారుజామున వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి వదిన ఒక్కతే వచ్చింది. నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేకపోయాను. నేరుగా పెరట్లోకి పోయింది. దండెం మీద నాయన తువ్వాలు అట్లాగే వేలాడుతోంది. చివరిసారి స్నానం చేసి ఆయనే ఆరేసుకున్నది. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం రాలేదు. వదిన దాన్ని తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి, గుండెకు పెట్టుకుని నిలబడింది. "మామ సబ్బు వాసన" అంది. అప్పుడు నేను ఆమె పక్కకు పోయి నిలబడ్డాను. విభజన గురించి ఆ రోజు మాట్లాడుకోలేదు, ఇప్పటికీ ఆ విషయంలో మా అభిప్రాయాలు కలవవు. కలవాల్సిన పని లేదని కూడా నాకు తెలిసింది. మా నాయన 1938లో పుట్టినప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీ. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో రాజధాని హైదరాబాద్‌కు పోయింది. 2014లో మళ్లీ గీత మారింది. ఇల్లు కదలకుండానే ఆయన ఇన్ని మార్పులు చూశారు. ఆ గీతల కోసం చెల్లెలి బిడ్డను ఆయన ఏ రోజూ ఒక మాట అనలేదు. ఆ పని చేసింది నేను.

ఇక "మీ వాళ్లు". దీన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పను. పార్టీ మీద మాట అంటే ఓర్చుకోవచ్చు, నాయకుడి మీద అంటే నవ్వి ఊరుకోవచ్చు. "మీ వాళ్ల బుద్ధే అంత" అన్నప్పుడు మీ అమ్మా నాన్నా మీ తాతా అందరూ అందులోకి వచ్చేశారు. మీకు నొప్పి పుట్టడం న్యాయం. మన ఊళ్లలో ఇదే మాట ఎంత మంచి మాటో కూడా మీకు తెలుసు. పెండ్లిలో "మీ వాళ్లు తిన్నారా?" అని అడుగుతాం. ఆస్పత్రిలో "మీ వాళ్లు ఎవరైనా వచ్చారా?" అంటాం. ఒకే మాట, ఒక చోట అన్నం పెడుతుంది, ఇంకో చోట చెంప మీద కొడుతుంది. వాడు కొట్టాడు. అది వాడితో చెప్పాల్సిందే, ఇద్దరే ఉన్నప్పుడు. "ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదురా" అని చెప్తే చాలు, వాదన అక్కర్లేదు.

అయితే తమ్ముడూ, మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. వాడు రాసిన మాటను అక్షరం పొల్లు పోకుండా రాశారు. మీరు రాసిన జవాబు మాత్రం "నేనూ ఊరుకోలేదు" అని రెండు మాటల్లో ముగించేశారు. మీకు గుర్తు లేక కాదనుకుంటాను. వాడికి కూడా అది అక్షరం అక్షరం గుర్తుండి ఉంటుంది. వాడి భార్యకు ఎవరైనా చదివి వినిపించి కూడా ఉంటారు. అయినా కార్డు పంపాడు. చుట్టాలందరికీ పంపినట్టు కార్డు ఫోటో ఒక్కటే పంపి వదిలేయలేదు, "రావాల" అని టైపు చేశాడు. "రండి" అని రాయలేదు, "దయచేసి విచ్చేయగలరు" అని రాయలేదు. మన యాసలో, చనువున్న మనిషి మీద హక్కుతో అడిగే మాట అది. ఇంటికొచ్చి కార్డు ఇవ్వలేదని మీకు కష్టంగా ఉంది, నాకు అర్థమైంది. ఇంటికొస్తే మీరు తలుపు తీస్తారో లేదోనన్న భయం వాడికి ఉండి ఉండవచ్చు కదా.

మన సీమలో కలిసి బతకడం ఎవరూ పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. ఉగాది రోజు దేవుని కడపకు పోతే చూస్తాం కదా, ముస్లింలు పొద్దున్నే కొబ్బరికాయలు, బియ్యం, బెల్లం పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటారు. అల్లుడింటికి పండగ పూట వట్టి చేతులతో పోకూడదు, అందుకే ఆ బియ్యం, బెల్లం. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయిస్వామి పీరు ముందు అన్ని కులాల వాళ్లూ నిప్పుల గుండం చుట్టూ చేరతారు. పెండ్లి, చావు, పండగ, పీరు, ఏదో ఒక పని మధ్యలో ఉంటుంది. ఆ వచ్చిన వాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారనా? మర్నాడు పొలం గట్టు దగ్గర పోట్లాడుకునే వాళ్లు కూడా అందులో ఉంటారు. పండగ పని ఉన్నంతసేపు పక్కపక్కన నిలబడతారు, ఆ నిలబడటం గుర్తుంటుంది కాబట్టి మర్నాటి పోట్లాట ఒక హద్దులో ఆగుతుంది. మీ శాసనాల గ్రూపు ఇదే పని దూరం నుంచి చేస్తోంది. ఫోన్‌లో జరుగుతున్నంత మాత్రాన అది తక్కువదేమీ కాదు.

కాబట్టి ఆ గ్రూపు మానొద్దు. కానీ రెండు మూడు జాగ్రత్తలు. ఇంట్లో ఆవిడ అన్నది ముక్కూ మొహం తెలియని వాళ్ల గురించి కాదని నా అనుమానం. "అర్ధరాత్రి దాకా" అన్న మాట చూడండి. మీరు రాతి మీద అక్షరాల గురించి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు, ఆమె పక్క గదిలో ఉంది. ఈ రెండేళ్లలో స్నేహితుడి గురించి మీ మనసులో ఉన్నది ఆమెతో ఎంత చెప్పుకున్నారు? రాత్రి తొమ్మిది దాటితే గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. ఒక ఆదివారం ఆమెను కూడా బండి మీద ఎక్కించుకుని ఏదో ఒక గుడికి పోయి, ఒక శాసనం చూపించండి. ఆమెకు ఆ పిచ్చి పట్టకపోయినా పర్వాలేదు, మీరు ఎక్కడికి పోతున్నారో తెలుస్తుంది.

ఆ గ్రూపు వాళ్లంతా దేవుళ్లని మాత్రం అనుకోకండి. మీకు కనపడుతున్నది వాళ్లలో శాసనాలంటే ఇష్టపడే ముక్క మాత్రమే. వాళ్లకూ బ్యాచ్ గ్రూపులుంటాయి, అక్కడ వాళ్లూ "మీ వాళ్లు" అని రాస్తుండవచ్చు. మీ వాడిని కూడా మీరు ఆ ఒక్క రాత్రి మాటల్లోనే చూస్తున్నారు. మీ అంగడి లెక్కలు, ఇంటి విషయాలు అక్కడ చెప్పకండి. ఎంత మంచిగా మాట్లాడినా డబ్బు అడిగితే పంపకండి. రేపు అక్కడ కూడా ఎవరో ఒకరు పార్టీ ఫార్వర్డ్ పెడతారు. అప్పుడు జవాబు రాయకుండా, ఒక కొత్త శాసనం ఫోటో పెట్టండి. నేను చూసినంతలో పది మాటల కన్నా అదే బాగా పనిచేస్తుంది.

మీరు చదివినవి ఫోన్‌లోనే పడి ఉండటం కూడా నాకు నచ్చలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి ఉంది. మీ చుట్టుపక్కల ఊళ్ల పేజీలు తెరిచి చూడండి, ఎంత రాయాల్సి ఉందో తెలుస్తుంది. అక్కడ అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు పెట్టారు. ఒక విషయం మీద ఇద్దరికి పడకపోతే, ఎవరు ఏమన్నారో ఆధారంతో రెండూ రాయాలన్నది అక్కడి పద్ధతి. రాసిన దాని మీద వాదించుకోవచ్చు, రాసిన మనిషి మీద కాదు. అక్కడా కోపాలు వస్తాయి, కానీ ఆ పద్ధతికి అలవాటు పడితే మన కోపం కూడా కొంచెం నడక నేర్చుకుంటుంది.

బ్యాచ్ గ్రూపులోకి ఇప్పుడే తిరిగి పోవద్దు. ముందు మనిషి, తర్వాత గ్రూపు. ఎప్పుడైనా మీ బడి కోసమో, మీలో కష్టంలో ఉన్నవాడి కోసమో ఏదైనా పని పడితే అప్పుడు చేరండి, ఆ పని మీదే మాట్లాడండి.

పెండ్లి సంగతి. వాట్సాప్‌లో జవాబు పెట్టకండి, ఫోన్ చేయండి. రాసిన "ఏంరా"లో కోపం ఉందో ప్రేమ ఉందో తెలియదు, గొంతులో తెలుస్తుంది. సారీలు, పాత లెక్కలు ఆ ఫోన్‌లో వద్దు, వాడి నెత్తిన ఇప్పుడు వెయ్యి పనులు ఉంటాయి. "ముందు రోజే వస్తాను, ఏం పని చూడాలో చెప్పు" అనండి చాలు. బట్టల అంగడి ఉన్నవాళ్లు మీరు, పెట్టుబడి చీరలు తక్కువ పడ్డాయేమో అడగండి. ముందు రోజు సాయంత్రం పోయి వడ్డనలో నిలబడండి. ఓళిగల మీద నెయ్యి పోసే గిన్నె పట్టుకుని పంక్తి వెంట నడుస్తుంటే, మీ బ్యాచ్ వాళ్లందరూ ఆ పంక్తిలో కూర్చునే ఉంటారు. ఒక్కొక్కరికీ "ఇంకొంచెం వేయనా?" అని అడగాల్సి వస్తుంది. రెండేళ్ల తర్వాత వాళ్లతో మాట్లాడే మొదటి మాట అదే కానివ్వండి. వాడు ఎదురుపడి ఏమీ అనలేక భుజం మీద చెయ్యి వేస్తే, మీరూ ఆ రోజుకు అక్కడితో ఆపండి. ఆ "మీ వాళ్లు" సంగతీ, మీరు నాకు చెప్పని మీ జవాబు సంగతీ, రెండూ మాట్లాడుకోవాలి. పెండ్లింట్లో కాదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక, పది రోజులు పోనిచ్చి, ఒక సాయంత్రం పొద్దు వాలేటప్పుడు వాళ్ల చేని మీదికి ఇద్దరే పోండి. ఆ రాయి మీద ఏముందో అమెరికాలో ఉన్నాయనకు తెలుసు, బళ్లారిలో ఉన్నాయనకు తెలుసు. చేను గలవాడికి ఎవరూ చెప్పలేదు. మీరు చదివి చెప్పండి. ఆఖరి లైను ఒకటి తేలలేదన్నారు కదా, చీకటి పడనిచ్చి టార్చి వాడి చేతికివ్వండి. ఎదురుగా కాకుండా, పక్క నుంచి పట్టుకోమనండి.